ప్రీస్కూల్ టీచర్లతో రోబో తయారు చేయించాలా, రెడీమేడ్‌ది చేతికిస్తే సరిపోతుందా?

పలక_బలపం:
నమస్కారమండీ. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు చెప్పే టీచర్లకు రెండు రోజుల రోబోటిక్స్ శిక్షణ ఇవ్వాల్సిన పని నా మీద పడింది. ఆటపాటలతో, కథలతో పిల్లల్ని కట్టిపడేసే టీచర్లు వీళ్లు. కానీ వైరు, బ్యాటరీ అనగానే "అవన్నీ మాకెక్కడ వస్తాయండీ" అని వెనక్కి తగ్గుతారు. మొదటి రోజంతా వాళ్లచేతే ఒక చిన్న రోబో తయారు చేయిద్దామని నా ఆలోచన. తోటి ట్రైనర్లేమో, బటన్ నొక్కితే నడిచేవి రెడీమేడ్‌గా దొరుకుతుంటే టీచర్లకు ఆ టెన్షన్ ఎందుకు అంటున్నారు. తయారు చేయించడం వల్ల నిజంగా ఉపయోగం ఉందా? ఉంటే ఏం చేయించమంటారు?

గేరు_చక్రం:
తప్పకుండా చేయించండి. ఇలాంటి శిక్షణలు ఇస్తుంటాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. తన చేత్తో ఒకసారి విప్పి బిగించిన టీచర్, తరగతిలో రోబో మొరాయించినా కంగారు పడరు. లోపల ఏముందో చూడనివాళ్లు అది ఆగిపోగానే అలమరాలో పెట్టేస్తారు. మళ్లీ బయటికి తీయరు.

గేర్‌బాక్స్ (వేగం తగ్గించి బలం పెంచే పళ్లచక్రాల పెట్టె) ఉన్న, బ్యాటరీతో తిరిగే చిన్న డీసీ మోటార్లు రెండు, వాటికి చక్రాలు, ముందువైపు ఒక క్యాస్టర్ (ఎటైనా తిరిగే చిన్న చక్రం), నాలుగు ఏఏ సెల్స్ పట్టే హోల్డర్, రెండు స్విచ్‌లు, ఒక గట్టి అట్టముక్క. ఇంతే సామాను. ఒక్కో మోటారుకు ఒక్కో స్విచ్ పెట్టించండి. రెండూ వేస్తే బండి ముందుకు పోతుంది, కుడి మోటారు ఆపితే కుడికి తిరుగుతుంది. సోల్డరింగ్ (టంకం వేయడం) జోలికి పోకండి, వైరు దూర్చి స్క్రూ బిగించే కనెక్టర్లు చాలు. గేర్‌బాక్స్ లేని మోటారు మాత్రం వద్దు. అది విపరీతమైన వేగంతో తిరుగుతుంది కానీ బండిని లాగే బలం ఉండదు.

ఎవరో ఒకరి బండి ముందుకు పోకుండా ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ఒక మోటారుకు వైర్లు తిరగేసి బిగించారన్నమాట. సంగతి మీకు తెలిసిపోతుంది, కానీ చెప్పకండి. చక్రాలు గాల్లో ఉండేలా బండిని ఎత్తి పట్టుకుని ఏ చక్రం ఎటు తిరుగుతోందో చూడమనండి. కాసేపు చూశాక "ఇది వెనక్కి తిరుగుతోంది!" అని వాళ్లే అంటారు. ఆ మోటారు వైర్లు రెండూ అటూ ఇటూ మార్చి, నేలమీద పెట్టి స్విచ్ వేస్తారు. బండి ముందుకు కదిలిన ఆ క్షణంలో ఆ టీచర్ ముఖం చూడాలండీ. శిక్షణ మొత్తంలో నాకు అదే ముఖ్యం. అందుకే అక్కడ ఎంత టైమ్ పట్టినా తొందరపెట్టను.

చిన్నతరగతి:
తయారీ బాగుంది సర్. టీచర్‌గా నా అనుభవంలో అసలు చిక్కు వాడేటప్పుడు వస్తుంది. మా దగ్గర బీ-బాట్ ఉంది, వీపుమీద బాణం బటన్లుండే తేనెటీగ ఆకారపు రెడీమేడ్ రోబో. కుడి బాణం నొక్కగానే అది కుడి పక్క గడిలోకి వెళ్తుందని పిల్లలు అనుకుంటారు. పెద్దవాళ్లం కూడా అలాగే అనుకుంటాం. అది ఉన్నచోటే 90 డిగ్రీలు తిరిగి ఆగుతుంది. ఆ తర్వాత ముందుకు బాణం నొక్కితేనే 15 సెంటీమీటర్లు కదులుతుంది. పాత ఆదేశాలు చెరిపే బటన్ నొక్కకుండా కొత్తవి ఇస్తే అవన్నీ పాతవాటికి కలిసిపోయి రోబో ఎటో వెళ్లిపోతుంది. పిల్లలు పాడైపోయిందనుకుని దిగులు పడతారు.

ఇంకోటి, రోబో పిల్లవాడికి ఎదురుగా ఉంటే దాని కుడి వాడికి ఎడమ అవుతుంది. ఆ వయసులో అసలే కుడి ఎడమలు తికమక. ఆదేశాలు ఇచ్చేటప్పుడు రోబో వెనకాల నిలబడితే సగం గొడవ తీరిపోతుంది.

గేరు_చక్రం:
చాలా మంచి మాట చెప్పారు మేడమ్. అందుకే రోబో చేతికివ్వకముందే నేలమీద గడులు గీసి, ఒక టీచర్‌ని రోబోగా నిలబెట్టండి. మిగతావాళ్లు "ముందుకు, ముందుకు, కుడికి తిరుగు" అని చెప్పాలి. రోబో అయిన మనిషి చెప్పింది మాత్రమే చేయాలి. తిరగడం వేరు, కదలడం వేరు అని అప్పుడు ఒంటికి తెలుస్తుంది. లోగో అనే పిల్లల ప్రోగ్రామింగ్ భాషలో ఆదేశాలిస్తే కదిలే తాబేలు ఉండేది, ఆ కాలం నుంచీ ఉన్న పద్ధతే ఇది. తాబేలు నువ్వే అనుకుని నడిచి చూడు అని పిల్లలతో చేయించేవారు లోగోను తయారు చేసినవారిలో ఒకరైన సేమూర్ పాపర్ట్. 1970ల్లోనే అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రాడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ చదవడం రాని పిల్లల కోసం బటన్ల పెట్టె, కార్డులు గుచ్చే పెట్టె తయారు చేశారు. కాబట్టి స్క్రీన్ లేకుండా, అక్షరం లేకుండా ప్రోగ్రామింగ్ నేర్పడం కొత్తగా పుట్టిన సంగతేమీ కాదని మీ టీచర్లకు చెప్పండి. ధైర్యం వస్తుంది.

పలక_బలపం:
నాకు కావలసిన జవాబు దొరికింది. టూత్‌బ్రష్ తలకు వైబ్రేషన్ మోటారు అంటించి చేసే బుల్లి రోబో కూడా చేయిద్దామనుకున్నాను. తేలిగ్గా అయిపోతుంది కదా?

చిన్నతరగతి:
దయచేసి దాన్ని తరగతిలోకి తీసుకురావద్దండీ. దానికి వాడేది బటన్ సెల్, అంటే చొక్కా గుండీలా ఉండే బుల్లి బ్యాటరీ. పిల్లలు మింగితే, అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలి పుండు పడుతుంది. అలా జరిగితే ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. పిల్లల చేతికి వెళ్లే ఏ రోబోకైనా బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో ముందు చూడమని టీచర్లకు చెప్పండి.

గేరు_చక్రం:
అవును. నేను చెప్పిన అట్ట బండి కూడా టీచర్లు నేర్చుకోవడానికే. చిన్న స్క్రూలు, ఊడొచ్చే వైర్లు ఉంటాయి కాబట్టి పిల్లల చేతికి ఇవ్వకండి. వాళ్లకు గట్టి మూత ఉన్న రెడీమేడ్‌దే మంచిది. ఇద్దరేసి టీచర్లకు ఒక బండి చొప్పున ఇవ్వండి. నలుగురైతే ఇద్దరు బిగిస్తారు, ఇద్దరు చూస్తూ కూర్చుంటారు.