అతామిలో కర్పూరం చెట్టుకి అమ్మ 108 ప్రదక్షిణలు చేస్తానంటోంది

మేం జపాన్‌లో, యొకొహామాలో ఉంటాం. వచ్చే నెల తెనాలి నుంచి అమ్మ వస్తోంది. ఇక్కడి అతామి ఊళ్లో కినోమియా గుడిలో రెండు వేల ఏళ్ల నాటిదని చెప్పే కర్పూరం చెట్టు ఉందని, దాని చుట్టూ ఒకసారి తిరిగితే ఆయుష్షు ఏడాది పెరుగుతుందని నమ్ముతారని నోరుజారి చెప్పాను. మా ఊరి రావిచెట్టుకి చేసినట్టే 108 చేస్తానని కూర్చుంది. పసుపు, కుంకుమ, దారపు ఉండ అప్పుడే సంచిలో సర్దేసింది. అసలే మోకాళ్ల నొప్పులు. అక్కడ ఎవరైనా ఏమైనా అంటారేమోనని నాకు టెన్షన్. వెళ్లినవాళ్లు చెప్పండి.

జవాబు:
మా అత్తగారిని తీసుకెళ్లాను. తిరిగితే ఎవరూ ఏమీ అనరండీ, వాళ్లూ తిరుగుతారు. కానీ మాను చుట్టుకొలతే దాదాపు 24 మీటర్లు, బాట ఇంకా బయటగా ఉంటుంది. 108 అంటే రెండున్నర కిలోమీటర్లు దాటుతుంది, వద్దని చెప్పండి. పసుపు, కుంకుమ పూయొద్దు, దారం చుట్టొద్దు. 1933 నుంచి అది ప్రభుత్వ రక్షణలో ఉన్న చెట్టు. కోరిక మాత్రం పైకి చెప్పకుండా మనసులోనే అనుకుని తిరగాలట. మా అత్తగారు ఇప్పటికీ చెప్పలేదు!

ఇంకో జవాబు:
ఆ చెట్టు ఎలా మిగిలిందో కూడా అమ్మగారికి చెప్పండి. అక్కడ ఒకప్పుడు ఏడు కర్పూరం చెట్లు ఉండేవట. 1850ల ప్రాంతంలో చేపల వేట హక్కుల మీద తగవు వచ్చి, డబ్బు కోసం ఐదింటిని కొట్టేశారు. ఈ పెద్దదాని మీద రంపం పెట్టబోతే తెల్లజుట్టు ముసలాయన ఒకరు ప్రత్యక్షమై, చేతులు బారచాపి అడ్డంగా నిలబడ్డాడట. రంపం రెండు ముక్కలైంది, ఆయన మాయమయ్యాడు. ఊరివాళ్లు భయపడి వదిలేశారు. మిగిలిన రెండోది గుడి ముంగిట్లోనే ఉంటుంది. పిడుగు పడి కూడా చిగురిస్తోంది. నన్నడిగితే దాని దగ్గర కూడా కాసేపు నిలబడాలి.

అడిగినవారు:
ఫోన్లో చదివి వినిపించాను. ముసలాయన మాట రాగానే అమ్మ రెండు చేతులూ జోడించింది. “ఆయన కాపాడిన చెట్టుకి నేను ముడులేయడమేంట్రా” అని దారం తీసేసింది. మూడు చుట్లకి ఒప్పుకుంది: తనకొకటి, నాకొకటి, మూడోది ఎవరికో చెప్పదట. రాలిన ఆకు నలిపితే కర్పూరం వాసన వస్తుంది కదా, ఒకటి దేవుడి గూట్లో పెట్టుకోవడానికి తెచ్చుకోనిస్తారా?

జవాబు:
గుడివాళ్లని ఒక్కమాట అడిగి తీసుకోండి. కొమ్మ మీది ఆకు మాత్రం తెంపొద్దు.