బంగళాకూ బంగారానికీ సంబంధం ఉందా?

ప్రశ్న (ప్రొద్దుటూరు): పెద్దలకు నమస్కారం. బంగారం ఉన్నవాడు కట్టుకునే ఇల్లు కనుక బంగళా అనే పేరు వచ్చిందని మా బంధువొకాయన అంటున్నారు. ఇది సరైన వ్యుత్పత్తేనా? బంగళా పెంకుల్లో ఉన్నది కూడా ఈ మాటేనా?

జవాబు (కడప): బంగారానికీ ఈ మాటకూ చుట్టరికం లేదు. బంగళా అంటే బంగాళ దేశపు ఇల్లు. అదీ మేడ కాదు, వెదురు మీద గడ్డి కప్పిన గుడిసె. అక్కడి భారీ వానలకు నీరు కప్పు మీద నిలవకుండా, వెదురుకు సహజంగా ఉన్న వంగే గుణాన్ని ఆసరా చేసుకొని, నడికప్పును విల్లులా వంచి, చూరును మూలల్లో బాగా కిందికి దించి కట్టేవారు. ఆ వంపు గుడిసెతో ఆగిపోలేదు. బంగాళంలోని విష్ణుపురంలో మల్ల రాజులు 1655లో రెండు గుడిసెలను జతచేసినట్టుండే జోర్ బంగ్లా గుడిని ఇటుకతో కట్టించారు. అంతకు ముందే షాజహాన్ ఆగ్రా కోటలోనూ, లాహోరు కోటలోని నౌలఖా మంటపంలోనూ అదే వంపు కప్పును పెట్టించాడు. పాలరాతికి వంగవలసిన అవసరమేమీ లేదు, అయినా గడ్డికప్పు రూపమే చక్రవర్తి మంటపానికి అలంకారమైంది.

ఇంగ్లీషువారికి కూడా మొదట ఇది గుడిసె పేరే. 1676 నాటి ఒక కంపెనీ అధికారి దినచర్యలో, ఓడల సిబ్బంది కోసం వేయించే బంగళాలను ప్రస్తావిస్తూ ఆ మాట పక్కనే గుడిసెలు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట రాసి ఉంది. తరువాతి కాలంలో దొరలు దానికి చుట్టూ వసారా దింపి, నేలను ఎత్తు చేసి, తోట నడుమ తమ నివాసంగా మార్చుకున్నారు. కడపలో బ్రౌన్ పండితులను పెట్టుకొని తెలుగు కావ్యాల ప్రతులను పరిష్కరింపజేసిన ఇంటిని ఇప్పటికీ బ్రౌన్ బంగళా అనే చెప్పుకుంటాం. ఆ స్థలంలోనే నేడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. 1870 ప్రాంతంలో ఇంగ్లండులోని కెంట్ సముద్రతీరానికీ, 20వ శతాబ్ది తొలినాళ్లలో కాలిఫోర్నియాకూ ఈ ఇల్లు పేరుతో సహా చేరింది. కాలిఫోర్నియాలో అది సామాన్య కుటుంబాలు కొనుక్కోగలిగిన చిన్న ఇల్లు.

ఇంగ్లండులో బంగళా అంటే నేటికీ ఒక్క అంతస్తు ఇల్లే. మనమో రెండంతస్తుల బంగళా అని నిస్సంకోచంగా అంటాం, పైగా గుడిసెకు వ్యతిరేకంగా వాడతాం. కలెక్టరు, ఇంజనీరు, అటవీ అధికారి దిగే ఇల్లుగానే జనం దాన్ని చూశారు కనుక, తెలుగులో ఈ మాట ఆకారాన్ని వదిలి హోదాను పట్టుకుందని నా అభిప్రాయం. బంగళా పెంకులదీ అదే దారి కావచ్చు. ఆ పెంకులు బంగాళంలో పుట్టలేదు, 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మత ప్రచార సంస్థ వారు మంగళూరులో పెట్టిన కర్మాగారంతో మన దేశంలో వ్యాపించాయి. గూన పెంకుల కంటే ఒక మెట్టు పైవని చెప్పడానికే వాటికి ఆ పేరు అతికి ఉంటుంది. (ఇక బంగాళాదుంప మాట ఎత్తకండి, మన సీమలో అది ఉర్లగడ్డ.)

అనంతపురం నుంచి: వివరణ బాగుంది. అయితే బంగళా అనే మాట వచ్చినంత తేలికగా ఆ వంపు కప్పు మన పల్లెల్లోకి రాలేదన్నది కూడా చేర్చాలి. మా జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అందుకే ఇక్కడి పాత ఇల్లు మిద్దె: రాతిగోడలు, దూలాలు, వాటిపైన చదునుగా పరిచిన చౌడుమట్టి. తడిసిన చౌడు బిగుసుకొని నీటిని కిందికి దిగనీయదు. వాలు కప్పు కావాలంటే బోదగడ్డి కొట్టం ఉండనే ఉంది.

కడప నుంచి: అంగీకరిస్తున్నాను. మిద్దెకు వెలుతురు కోసం వదిలే కంతను మావైపు గవాక్షి అంటారు. కర్నూలువైపు సభ్యులు తమ పలుకుబడిని తెలియజేయగలరు.