కొత్తగా వచ్చిన పెద్ద బాల్ పైథాన్ పాము 11 రోజులుగా ఏమీ తినట్లేదు

గంటస్తంభం_సందు (విజయనగరం):
విశాఖలో ఉండే మా ఫ్రెండ్ వచ్చే నెల విదేశం వెళ్తున్నాడని తన బాల్ పైథాన్‌ని నాకిచ్చేశాడు. ఆరేళ్ల ఆడది, కిలోన్నర ఉంటుంది. 11 రోజుల్లో మూడుసార్లు ఎలుక పెట్టాను, తల వెనక్కి లాక్కోవడమే తప్ప ముట్టలేదు. రోజంతా ముద్దలా చుట్టుకుని పడుకుంటోంది. హాల్లో టీవీ పక్కన అద్దాల ట్యాంకు, వచ్చిన చుట్టమల్లా చూసిపోతున్నాడు. నిన్న మా నానమ్మ గిన్నెలో పాలు కూడా పెట్టేసింది. డాక్టర్‌కి చూపించాలా? ఒకటే టెన్షన్.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):
తమ్ముడూ, ముందు ట్యాంకుని ఆ టీవీ దగ్గర్నుంచి తీసెయ్, మోత, అడుగుల అదురు దానికి ఒంటితోనే తెలుస్తాయి. ఆఫ్రికాలో ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కునే జాతి అది, నువ్వేమో నాలుగు పక్కలా అద్దం పెట్టి పెళ్లిచూపులు చూపిస్తున్నావు. మూడు పక్కలా అట్టలు అంటించు. దూరడానికి రెండు గూళ్లు కావాలి, వేడి వైపొకటి, చల్ల వైపొకటి, ఒళ్లు గోడలకి తగిలేంత ఇరుగ్గా. నేనైతే పాత మట్టికుండ మూతి పగలగొట్టి, అంచులు సాండ్ పేపర్‌తో రుద్ది బోర్లించాను. వేడి వైపు 31-33 డిగ్రీలు, రెండో వైపు 26 దగ్గర. వేడి మితిమీరకుండా ఆపే థర్మోస్టాట్ లేకుండా ట్యాంకు కింద హీట్ మ్యాట్ వద్దు, పొట్ట కాలుతుంది.

ఇంకో వారం ఎలుక మాటెత్తకు. నీళ్లు మార్చడానికి తప్ప చెయ్యి పెట్టకు. బరువు తగ్గనంతవరకు పెద్ద పాము నెలైనా ఉండగలదు. ఫ్రెండ్‌కి ఫోన్ చేసి అడుగు, ఏ టైముకి పెట్టేవాడు, ఎంత సైజు, పట్టకారుతో ఆడించేవాడా, ఊరికే వదిలేసేవాడా. ఆరేళ్ల అలవాటు నీకోసం వారంలో మారదు కదా. పాత గూడుంటే కడక్కుండా తెప్పించుకో.

చంపావతి_ఒడ్డు:
పాలు తీసేయండి, పాముకి అరగవు. ఊపిరిలో ఈల శబ్దం, నోటి దగ్గర బుడగలు కనిపిస్తే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కాగితాలు చూసుకున్నారా? 2024 రూల్స్ ప్రకారం ఇలాంటి విదేశీ జాతుల్ని కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, చేతులు మారినా చెప్పాలి. మీ ఫ్రెండ్ విమానం ఎక్కకముందే ఆ పని కానివ్వండి. మన కొండచిలువ, జెర్రిపోతు లాంటివైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అసలు పెంచకూడదు.

గంటస్తంభం_సందు:
ఫోన్ చేశానన్నా. వాడు రాత్రి పదింటికి లైట్లన్నీ ఆపేసి, ఫ్రీజర్ ఎలుకని కరిగించి, వేడినీళ్లలో కాసేపు ఉంచి వెచ్చగా పెట్టేవాడట. నేను మిట్టమధ్యాహ్నం చల్లటిది పెడుతున్నాను! కాగితాలు కూడా పంపుతానన్నాడు. ట్యాంకు నా గదిలోకి మార్చాను, కుండ బోర్లించాను. నిన్న రాత్రి చూస్తే కుండ మూతిలోంచి ముక్కు మాత్రం బయటపెట్టి నాలుక ఆడిస్తోంది. ఎలుక ఇంకా పెట్టలేదు. నానమ్మ మాత్రం నాగుల చవితికి పుట్ట దగ్గరికెందుకు, ఇంట్లోనే ఉందిగా అంటోంది.