బిడ్డను పోగొట్టుకున్న తల్లి యోబు మాట పలకలేకపోతే అది అవిశ్వాసమా?

ప్రశ్న (ఒక తల్లి, గుంటూరు జిల్లా):
ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మా ఆరేళ్ల పాప నిరుడు వర్షాకాలంలో డెంగీ జ్వరంతో మాకు దూరమైంది. ఆదరణ కూడికలో పాస్టరుగారు బైబిల్లోని యోబు గ్రంథం 1:21 చదివి, తన పిల్లలందరినీ పోగొట్టుకున్నప్పుడు యోబు పలికిన "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను" అన్న మాటను నన్ను కూడా పలకమన్నారు గాని, నాకు నోరు రాలేదు. అప్పటి నుంచి నా విశ్వాసం సన్నగిల్లిందని సంఘంలో కొందరు అనుకుంటున్నారు. క్రిస్మస్ నాటికలో దేవదూత వేషానికని కుట్టించిన తెల్ల గౌను, వెండిరంగు కాగితం అంటించిన అట్ట రెక్కలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. ఆరాధనలో స్తుతి పాటలు మొదలవగానే నా గొంతు పూడుకుపోతుంది. దేవుణ్ణి నేను విడువలేదు; అయితే మోకరించిన ప్రతిసారీ "ఎందుకు ప్రభువా" అన్నది తప్ప మరో మాట రావడం లేదు.

జవాబు (కొడుకును పోగొట్టుకున్న తండ్రి):
చెల్లెమ్మా, యోబు ఆ మాట తనంతట తాను పలికాడే గాని, పక్కన నిలబడి ఎవరూ పలికించలేదు. అదే యోబు మూడవ అధ్యాయంలో తాను పుట్టిన దినాన్ని శపించాడు. స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడక కూర్చున్నంతసేపూ అతనికి తోడుగానే ఉన్నారు; నోరు తెరిచాకే గాయపరచారు. చివరికి 42:7లో దేవుని కోపం రగిలింది, ఆయనను నిలదీసిన యోబు మీద కాదు, ఆయన పక్షాన వాదించామనుకున్న ఆ స్నేహితుల మీద.

జవాబు (ఒక పాస్టరమ్మ):
అమ్మా, రెండవ రాజుల గ్రంథం నాలుగవ అధ్యాయంలో, బిడ్డ చనిపోయిన షూనేమీయురాలు (షూనేము ఊరి స్త్రీ) వచ్చి ఎలీషా ప్రవక్త కాళ్లు పట్టుకుంటే ఆయన సేవకుడు గేహజీ ఆమెను తోలివేయబోయాడు. ప్రవక్త అడ్డుపడి, ఆమె వేదనలో ఉందని, దాని కారణం దేవుడు తనకు తెలియజేయలేదని ఒప్పుకున్నాడు. కారణం తెలియదని చెప్పగల సేవకులు మా ఇళ్లలో ఇంకా పుట్టాలి. ఆమె బిడ్డ మళ్లీ లేచాడు, మన బిడ్డలు లేవలేదు. ఆ అధ్యాయం చదవడం నాకు ఇప్పటికీ కష్టమే.

జవాబు (ఒక సంఘ పెద్ద):
దుఃఖించడం తప్పు కాదన్న మాటతో ఏకీభవిస్తూనే, నిరీక్షణను పక్కన పెట్టవద్దని మనవి. 1 థెస్సలొనీకయులకు 4:13 నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని అంటుందే గాని, అసలు ఏడవవద్దని అనదు. చనిపోయిన తన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని ఎరిగిన యేసు కూడా ఆ సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు. పాటలు పాడలేని రోజుల్లో 88వ కీర్తన చదవండి. అది మొరతో మొదలై చీకటి అన్న మాట దగ్గరే ఆగిపోతుంది, అయినా అది దేవునితో చెప్పిన ప్రార్థనే.

ప్రశ్న అడిగిన తల్లి:
అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులన్నీ మావారికి చదివి వినిపించాను. నవంబర్ 2న సమాధుల పండుగ నాడు పాప సమాధి దగ్గర 88వ కీర్తన చదవమని పాస్టరుగారిని అడుగుదామని ఆయనే అన్నారు. మీ సంఘాలలో ఎక్కడైనా ఆ కీర్తనను అలా చదివే అలవాటు ఉంటే దయచేసి తెలియజేయండి.