‘పొటెంకిన్ గ్రామాలు’ అనే మాట గురించి

ప్రశ్న: పత్రికల్లో ‘పొటెంకిన్ గ్రామాలు’ అని చదివాను. దీన్ని తెలుగులో ఏమనాలి?

జవాబు: మనకు ‘పైన పటారం, లోన లొటారం’ ఉండనే ఉంది. చాలా చోట్ల అది చక్కగా సరిపోతుంది. కాకపోతే ఒక తేడా ఉంది. పొటెంకిన్ గ్రామం అంటే, పెద్దవాళ్లెవరో చూడ్డానికి వస్తున్నారని వాళ్ల కళ్లు కప్పడానికి నిలబెట్టిన బూటకం. ఆ అర్థం కావాలంటే ‘బూటకపు ఊళ్లు’ అంటే చాలు. మనిషి పేరు తీసేయాలనే నా అభిప్రాయం, ఎందుకంటే ఆ మాట అతనికి చేసిన అన్యాయం చిన్నది కాదు.

గ్రిగోరీ పొటెంకిన్ (రష్యన్ల నోట పత్యోమ్కిన్) 1739లో స్మొలెన్స్క్ దగ్గర ఒక చిన్న జమీందారీ కుటుంబంలో పుట్టాడు. తుర్కులతో యుద్ధంలో పేరు తెచ్చుకుని, రష్యా మహారాణి రెండవ కేథరిన్‌కు ఆంతరంగికుడై, 1784లో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. సిపాయిల జడలూ జుట్టుకు పూసే పౌడరూ తీసేయించాడు. నిద్ర లేస్తూనే సైనికుడు సిద్ధంగా ఉండాలన్నది అతని పట్టుదల. ఖెర్సోన్, సెవాస్తోపోల్, నికొలాయెవ్ నగరాలు అతని హయాంలో వెలిసినవే. 1783లో నల్లసముద్రపు ద్వీపకల్పమైన క్రిమియాను రష్యాలో కలిపిందీ అతనే. అక్కడి ముస్లిం జాతివాళ్లైన తాతార్లు ఎందరో ఆ తర్వాత ఊళ్లు విడిచి వెళ్లిపోయారు. అతన్ని మెచ్చుకునేవాళ్లు అది మరచిపోకూడదు.

ఇక ఆ మాట వెనకున్న కథ. 1787లో కేథరిన్ కొత్త దక్షిణ ప్రాంతాలు చూడ్డానికి బయల్దేరి, కీవ్‌లో మంచు కరిగేదాకా ఆగి, నీపర్ నది మీద ఓడల్లో దిగువకు వెళ్లింది. ఒడ్డున చెక్క మీద రంగులేసిన ఇళ్లు నిలబెట్టారనీ, అవే పశువుల్నీ అవే జనాన్నీ రాత్రికి రాత్రి ముందుకు తరలించారనీ ప్రచారం. దాన్ని యూరప్ అంతటా పాకించినవాడు హెల్బిగ్ అనే సాక్సనీ (ఒక జర్మన్ రాజ్యం) దౌత్యోద్యోగి. అతను ఆ ప్రయాణంలో లేనే లేడు! పైగా అతని రాతలు అచ్చయ్యేటప్పటికి పొటెంకిన్ చనిపోయి ఏళ్లయింది. ప్రయాణంలో ఉన్న ఆస్ట్రియా ప్రభువు ప్రిన్స్ ద లీన్ అయితే ఆ కథను ఉత్త కట్టుకథ అని కొట్టిపారేశాడు.

ఆర్భాటం జరగలేదని నేననడం లేదు. తోరణాలు కట్టారు, బాణసంచా కాల్చారు. ఇంకెర్మన్‌లో భోజనాల మధ్యలో తెర తీయించి, దిగువన సెవాస్తోపోల్ రేవులో లంగరేసిన నౌకాదళాన్ని చూపించాడు పొటెంకిన్. తెర నాటకానిదే కావచ్చు, ఓడలు మాత్రం నిజమైనవి. ఆస్ట్రియాను ఏలుతున్న చక్రవర్తి రెండవ జోసెఫ్ కూడా అక్కడే ఉండి చూశాడు. అదే ఏడు ఆగస్టులో తుర్కులు యుద్ధం ప్రకటించారు. ఆ నౌకాదళమే వాళ్లతో పోరాడింది. అట్టముక్కలతో యుద్ధాలు చేయరు కదా.

ఇంకో ప్రశ్న: 1905లో నావికులు తిరగబడ్డ రష్యా యుద్ధనౌక ‘పొటెంకిన్’ పేరు ఇతనిదేనా?

జవాబు: ఇతనిదేనండి. ఓడ పూర్తి పేరు ‘క్న్యాజ్ పొటెంకిన్ తవ్రీచెస్కీ’. క్న్యాజ్ అంటే రాజవంశీకులకూ ప్రభువులకూ ఇచ్చే బిరుదు. ‘తవ్రీచెస్కీ’ అంటే తవ్రీదాకు చెందినవాడు; తవ్రీదా అన్న మాట క్రిమియాకు గ్రీకుల నాడు ఉన్న పేరు నుంచి వచ్చింది. ‘తవ్రీచెస్కీ’ అన్న గౌరవనామం కేథరిన్ అతనికి ఇచ్చింది 1787లో, ఆ ప్రయాణం సందర్భంగానే.