హాడ్జ్‌సన్ హిమాలయ వర్తకం రాతలు: విద్వాంసుడివా, కుంపణీ మనిషివా?

పాత కాగితాలు:
అందరికీ నమస్కారం. బ్రయన్ హాటన్ హాడ్జ్‌సన్ (1800–1894) గురించి ఒక మిత్రుడితో వారం రోజులుగా వాదన నడుస్తోంది, ఎటూ తేలడం లేదు. తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఆయన ఇరవయ్యేళ్ళ వయసులో, 1820లో, ఈస్టిండియా కంపెనీ తరఫున ఖాట్మండు వెళ్ళాడు. 1833 నుంచి 1843 దాకా అక్కడ రెసిడెంట్, అంటే నేపాల్ దర్బారులో కంపెనీ ప్రతినిధి. గవర్నర్ జనరల్ ఎలెన్‌బరోకు ఆయన పద్ధతి నచ్చలేదు. పదవి నుంచి తప్పించి, సిమ్లాలో చిన్న పోస్టు ఇస్తామన్నారు. హాడ్జ్‌సన్ అది వద్దని రాజీనామా చేసి, 1845లో డార్జిలింగ్‌లో ఇల్లు చేసుకుని 1858 దాకా అక్కడే ఉండిపోయాడు. టిబెట్, నేపాల్ దారులు, వర్తకం, జాతులు, భాషలు, పక్షులు అన్నింటి గురించీ రాస్తూనే ఉన్నాడు.

పదవి వదిలేశాక రాసినవి కాబట్టి అవి స్వతంత్ర విద్వాంసుడి రాతలని మా మిత్రుడి వాదన. నాకు ఒప్పబుద్ధి కావడం లేదు. మీరేమంటారు?

చరిత్ర టీచర్:
మీ అనుమానమే నిజమండీ. పదవికీ ఈ రాతలకూ మధ్య గీత గీయలేం. వర్తకం మీద ఆయన వాదన రెసిడెన్సీ రోజుల్లోనే, 1830ల మొదట్లో, ప్రభుత్వానికి పంపిన నివేదికలో ఉంది. రష్యా వర్తకులు సరిహద్దు ఊరు క్యాఖ్తా మీదుగా అంత దూరం నుంచి చైనాకు సరుకు చేరవేస్తున్నారు, కలకత్తా నుంచి ఖాట్మండు, లాసా మీదుగా వెళ్తే మనకే దగ్గర, ఆ బేరం మనం లాక్కోవచ్చు అన్నది దాని సారం. ఆ వ్యాసాలన్నీ 1857లో ఎక్కడ అచ్చయ్యాయో చూడండి. బెంగాల్ ప్రభుత్వ రికార్డుల వరుసలో! అప్పటికి ఆయన ఉద్యోగం వదిలి పదమూడేళ్ళు.

డార్జిలింగ్‌లో ఆయన చుట్టూ ఎవరున్నారో కూడా చూడండి. ఆ ఊరి సూపరింటెండెంట్ క్యాంప్‌బెల్ ఒకప్పుడు ఖాట్మండు రెసిడెన్సీలో ఈయన కింద పనిచేసిన డాక్టరు. ఇంట్లో అతిథిగా వృక్ష శాస్త్రవేత్త జోసెఫ్ హుకర్. ఆ ఇద్దరినీ 1849లో సిక్కిం వాళ్ళు నిర్బంధించారు. ఆ వంకతో కంపెనీ సిక్కిం తరాయిని, అంటే కొండల దిగువ మైదానాన్ని, కలిపేసుకుంది, రాజుకు డార్జిలింగ్ కోసం ఏటా ఇచ్చే డబ్బు ఆపేసింది. ఆ ఇంటి వరండాలో కూర్చుని రాసినదాన్ని స్వతంత్రమైన రాత అని ఎలా అంటాం?

సిలిగురి ఉద్యోగి:
టీచర్ గారూ, మీరు చెప్పిన విషయాలు కాదనను. కానీ లెక్క అంత తేలిగ్గా తేలదు. నేను తొమ్మిదేళ్ళుగా ఇటువైపే ఉంటున్నాను, కాలింపాంగ్, డార్జిలింగ్ తిరుగుతూ ఉంటాను. ఇక్కడ చదువుకున్న నేపాలీ మిత్రులు హాడ్జ్‌సన్ పేరు గౌరవంగానే తలుచుకుంటారు. పాటన్ పండితుడు అమృతానంద ద్వారా ఆయన సంపాదించిన సంస్కృత బౌద్ధ గ్రంథాలు కలకత్తాకు, లండన్‌కు, పారిస్‌కు పంపబట్టే ఫ్రెంచి పండితుడు యూజీన్ బుర్నూఫ్ బౌద్ధం మీద పని చేయగలిగాడు. పైసా లాభం లేని పని అది.

ఇంకో మాట. మెకాలే ఇంగ్లీషు చదువు రుద్దుతున్న రోజుల్లో, జనానికి జనం భాషలోనే చదువు చెప్పాలని పత్రికకు వరసగా ఉత్తరాలు రాసిన తెల్ల ఆఫీసరు ఈయన. మన తెలుగువాళ్ళం ఆ ఒక్క విషయానికైనా ఆయన్ని కాస్త ఆగి చదవాలి.

చరిత్ర టీచర్:
దేశభాషల ఉత్తరాల మీద మీతో నాకు పేచీ లేదు. అవి చదివినప్పుడు నాకూ మనసు కరిగింది. కానీ అదే మనిషి 1856లో ఏం రాశాడు? ఐర్లండ్, స్కాట్లండ్‌లలో తిండి లేని రైతుల్ని తెచ్చి హిమాలయాల్లో స్థిరపరచాలని, సామ్రాజ్యానికి అంతకంటే గట్టి దన్ను లేదని. మరి ఆ కొండల్లో అప్పటికే సాగు చేసుకుంటున్న లెప్చాలు, లింబూలు ఏమైపోవాలి? అంతకు ముందు 1833లోనే నేపాల్ సైనిక జాతుల మీద వ్యాసం రాసి, ఎవరు కంపెనీ పటాలాలకు పనికొస్తారో వర్గీకరించాడు. జాతుల శాస్త్రం అనుకుని చదివితే అది రిక్రూట్‌మెంట్ పట్టిక.

పాత కాగితాలు:
ఇక్కడ నేనొక కాగితం ముందు పెడతాను. నేపాల్ దర్బారు నుంచి పెకింగ్‌కు (ఇప్పటి బీజింగ్) వెళ్ళే రాయబార బృందం దారి వివరం ఆయన వ్యాసాల్లో ఉంది. 1792లో చైనా సైన్యంతో ఓడిన తర్వాత నేపాల్ అయిదేళ్ళకోసారి అలా కానుకలు పంపాల్సి వచ్చేది. ఆ దారిలో హాడ్జ్‌సన్ ఒక్క అడుగు కూడా వేయలేదు. రెసిడెంట్‌కు ఖాట్మండు లోయ దాటి ఇష్టమొచ్చినట్టు తిరిగే అనుమతే లేదు. మజిలీలు, దూరాలు, అడ్డొచ్చే నదులు, ఇవన్నీ నడిచి వెళ్ళొచ్చిన నేపాలీల లెక్కలు. దాని నుంచి ఆయన టిబెట్ పీఠభూమి ఎత్తుపల్లాల గురించి పెద్ద సిద్ధాంతమే కట్టాడు.

వర్తకం సంగతీ అంతే. కస్తూరి, చమరీమృగం తోకలు, బంగారు రజను, టంకణం అటు నుంచి; బనాతు, నీలిమందు, పగడాలు, నీటికుక్క తోళ్ళు ఇటు నుంచి. ఈ జాబితా ఖాట్మండు లోయ నేవార్ వర్తకులు తరాలుగా లాసాలో కొట్లు పెట్టి కడుపులో దాచుకున్న విద్య. అది ఇంగ్లీషు కాగితం మీదికెక్కిన రోజునే కుంపణీ చేతిలో పడింది. ఉద్యోగంలో ఉండి రాశాడా, మానేశాక రాశాడా అన్న ప్రశ్న నాకు ఇప్పుడు చిన్నదిగా కనిపిస్తోంది.

సిలిగురి ఉద్యోగి:
మంచి మాట అన్నారు. అయినా ఒక్కటి అడుగుతాను. కుంపణీకి అందులో దక్కిందేమిటి? ఖాట్మండు మీదుగా వాళ్ళ వర్తకం ఏనాడూ సాగలేదు. లాసాలో సుంకం లేని వ్యాపారం దక్కింది నేపాల్‌కే. 1856లో టిబెట్‌తో చేసుకున్న థాపాథలీ ఒప్పందంతో నేపాల్ ప్రధాని జంగ్ బహదూర్ అది సాధించాడు, పైగా టిబెట్ ఏటా పదివేల రూపాయలు కట్టేలా. ఇంగ్లీషువాళ్ళు చివరికి సిక్కిం వైపు తిరిగి 1861 ఒప్పందంతో అటు దారి తెరిపించుకున్నారు. హాడ్జ్‌సన్ వర్తక సలహా పారలేదు. మిగిలింది ఆయన రాసిపెట్టిన వివరమే.

చరిత్ర టీచర్:
వర్తకం పారలేదు, రాజకీయం పారిందండీ. 1857 తిరుగుబాటులో జంగ్ బహదూర్ సాయం తీసుకోమని గవర్నర్ జనరల్ కానింగ్‌కు నచ్చజెప్పినవాళ్ళలో ఈ రిటైరైన పెద్దమనిషి ఒకరు. గూర్ఖా సైన్యం లక్నో దాకా వెళ్ళింది. అందుకు బదులుగా పడమటి తరాయి నేపాల్‌కు తిరిగొచ్చింది. లక్నోలో చచ్చిపోయినవాళ్ళ వైపు నుంచి చూస్తే, డార్జిలింగ్ నుంచి వచ్చిన ఆ సలహా చిన్నది కాదు.

భాషల విద్యార్థి:
నేను కొత్త. మీ అందరి మాటలూ చదివాను. హాడ్జ్‌సన్ డార్జిలింగ్‌లో కూర్చుని మన తూర్పు కనుమల భాషల పదాలు కూడా అచ్చు వేయించాడు. సవర, గదబ, కోదు మాటలు. వాటిని ఇక్కడున్న అధికారుల ద్వారా తెప్పించుకున్నాడు. నేను సవర మీద పని చేస్తున్నాను కాబట్టి ఆ పట్టిక నాకు నిజంగా విలువైనది. నూట డెబ్భై ఏళ్ళ నాటి సవర మాటలు అంత వరసగా దొరికే చోట్లు తక్కువ. పాత కాగితాలు గారన్నట్టే, ఆ మాటలు పలికినవాళ్ళ పేర్లు మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు. మా ప్రాజెక్టులో పదం పక్కన చెప్పినవారి పేరు, ఊరు రాయడం ఈ నెల నుంచి మొదలుపెట్టాం.