హ్యారీ పాటర్ సొమ్ము పిత్రార్జితమేనా?

మా అమ్మాయికి రాత్రిళ్ళు హ్యారీ పాటర్ మొదటి పుస్తకం చదివి చెబుతున్నాను. ఇంగ్లీషు పేజీ చూస్తూ అప్పటికప్పుడు తోచిన తెలుగులో చెప్పడమే, గొప్పగా ఏమీ ఉండదు. నిన్న గ్రింగాట్స్ బ్యాంకు దాకా వచ్చాం. 687వ నంబరు ఖజానా తలుపు తెరుచుకుంది. లోపల బంగారు గాలియన్ల గుట్టలు, వెండి సికిల్స్ దొంతరలు, కంచు నట్ల కుప్పలు, అన్నీ మాంత్రికుల నాణేలే. అప్పటిదాకా మెట్ల కింద గూట్లో పడుకుని, పెద్దమ్మ కొడుకు వదిలేసిన బట్టలు తొడుక్కున్న పిల్లాడివి అవన్నీ.

"ఇదంతా హ్యారీకి పిత్రార్జితం" అన్నాను.

"అంటే?"

"వాళ్ళ నాన్న సంపాదించింది."

"వాళ్ళ నాన్న ఏం ఉద్యోగం చేసేవాడు?"

దొరికిపోయాను. జేమ్స్ పాటర్ 21 ఏళ్ళకే పోయాడు. ఇంట్లో డబ్బుంది కాబట్టి ఆయనకు జీతం అవసరమే పడలేదు. తండ్రి సంపాదించనిది పిత్రార్జితం ఎలా అవుతుందండీ? "తాతార్జితం" అనే మాట ఎక్కడైనా ఉందా? మన తెలుగు మాటల గ్రూపులో తెలిసినవాళ్ళు చెప్పండి.

*

ముందుగా ఒక్క మాట. మీరు సరిగ్గానే రాశారు, సంతోషం. ఈమధ్య పేపర్లలో కూడా "పితృార్జితం" అని కనిపిస్తోంది. పితృ + ఆర్జితం, యణాదేశ సంధి, ఋకారం పోయి రేఫ వస్తుంది. పిత్రార్జితం.

ఇక అర్థం. పితృ శబ్దం ఒక్క నాన్నకే కట్టుబడి లేదు. బహువచనంలో పితరులంటే గతించిన పెద్దలంతా వస్తారు. పితృపక్షంలో తర్పణం నాన్నతో ఆపేస్తామా? తాతకూ ముత్తాతకూ వదులుతాం. పిత్రార్జితంలోని పితృ కూడా ఆ పితరులే. కాబట్టి మీ అమ్మాయికి మీరు చెప్పిన మాట ఒప్పే, దానికి చెప్పిన అర్థమే తప్పు.

*

మా వైపు ఇంత తర్జనభర్జన ఉండదు. "తాతలనాటి ఆస్తి" అంటే సరిపోయె. కోపమొస్తే "నీ అయ్య జాగీరా?" అంటం. అక్కడ కూడా అయ్య సంపాదించిండా, తాత సంపాదించిండా అని ఎవ్వరూ అడగరు.

*

హ్యారీ వాళ్ళ తాతల సంగతి నేను చెబుతాను. నాకు ఈ కథల పిచ్చి కాస్త ఎక్కువ.

పాటర్ల వంశ చరిత్రను రచయిత్రి రౌలింగ్ 2015లో తన వెబ్‌సైటులో పెట్టారు. అది 12వ శతాబ్దంలో స్టించ్‌కోంబ్ అనే ఊళ్ళో లిన్‌ఫ్రెడ్ అనే ఆయనతో మొదలవుతుంది. ఈయనకు ఊరివాళ్ళు పెట్టిన పేరు "పాటరర్". మన గ్రూపుకు కావాల్సింది ఇక్కడే ఉంది. పాటర్ అనగానే మనం కుమ్మరి అనుకుంటాం. కానీ ఈ ఇంటిపేరుకు కుండలతో సంబంధం లేదు. తోటలో తీరిగ్గా ఏదో ఒకటి కెలుక్కుంటూ తిరిగే మనిషిని అక్కడివాళ్ళు అలా అంటారు. వింత మొక్కలు పెంచుకునే పిచ్చి మారాజు అనుకున్నారు పక్కింటివాళ్ళు. మశూచికీ చలిజ్వరానికీ ఆయన దగ్గరే మందు తీసుకున్నారు గానీ, అది మంత్రం మందు అని వాళ్ళకు తట్టనే లేదు. విరిగిన ఎముకలు మళ్ళీ మొలిపించే స్కెలిగ్రో, తాగితే చెవుల్లోంచి పొగలొచ్చే జలుబు మందు పెప్పరప్, రెండూ ఆయన చేసిన మందుల నుంచే పుట్టాయి. వాటిని అమ్మిన సొమ్ముతో ఏడుగురు పిల్లలకూ తలా ఇంత బంగారం మిగిల్చి పోయాడు.

మారుపేరే కురచై ఇంటిపేరుగా నిలిచింది. అది మామూలు జనంలో కూడా ఉన్న పేరు కావడంతో, 1930ల్లో "స్వచ్ఛమైన" మాంత్రిక కుటుంబాలు 28 అని జాబితా వేసినాయన పాటర్లను అందులో చేర్చలేదు.

తర్వాత హ్యారీ సొంత తాత ఫ్లీమాంట్. ఈయన పేరూ భాషా చర్చకు పనికొచ్చేదే. నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు అంతరించిపోకూడదని, ఆవిడ చివరి కోరిక ప్రకారం ఈయనకు పెట్టారు. ఆ పేరు పట్టుకుని బళ్ళో అందరూ ఏడిపిస్తే, వాళ్ళతో తలపడీ తలపడీ మంత్రదండంతో ద్వంద్వయుద్ధంలో ఆరితేరాడట. ఆయన చేసిన అసలు పని జుట్టు మందు. స్లీకీజీ అని, రెండు చుక్కలు రాస్తే ఎంతటి మొండి జుట్టయినా అణుగుతుంది. ఆ మందుతో ఇంట్లో ఉన్న బంగారాన్ని నాలుగింతలు చేసి, రిటైరయ్యేటప్పుడు కంపెనీని మంచి లాభానికి అమ్మేశాడు. 687లో ఉన్నది ప్రధానంగా ఆ నూనె డబ్బే. నాలుగో పుస్తకంలో డాన్సు రోజున హ్యారీ స్నేహితురాలు హెర్మయొనీ జుట్టుకు పట్టించినది కూడా ఇదే.

*

అయితే హ్యారీకి పిత్రార్జితం అన్న మాట బాగానే అతికింది. నేను కోర్టుల్లో తిరిగేవాణ్ణి గనక కొంచెం చాదస్తంగా చెబుతాను.

ఆస్తి పంపకాలకు ఆధారమైన పాత ధర్మశాస్త్ర గ్రంథం మితాక్షర ప్రకారం తండ్రి, తాత, ముత్తాత, ఈ ముగ్గురి నుంచి వచ్చిందే పిత్రార్జితం. పైన తర్పణం లెక్క చెప్పారే, అవే మూడు తరాలు. ఆ గ్రంథాన్ని 13వ శతాబ్దంలో కవి కేతన "విజ్ఞానేశ్వరీయము"గా తెలుగు పద్యాల్లో పెట్టాడు. అంటే ఆస్తి తగాదాలు మనకు పద్యాల్లో వచ్చి దాదాపు ఏడొందల యాభై ఏళ్ళు దాటింది.

ఫ్లీమాంట్ తెచ్చిన మూడింతలు ఆయనకు స్వార్జితమా? పెద్దల బంగారం పెట్టుబడిగా పెట్టి ఉంటే అదీ ఉమ్మడిదే అని దాయాదులు దావా వేసేవాళ్ళు. అన్నదమ్ముల ఊసు కథలో లేదు కాబట్టి బతికిపోయాడు. హ్యారీ నాన్న స్నేహితుడు సిరియస్ బ్లాక్ ఇచ్చిన ఇల్లూ డబ్బూ మాత్రం పిత్రార్జితం కావు, వీలునామా ద్వారా వచ్చినవి. ఆ వీలునామాలో "వీలు" ఇంగ్లీషు విల్లే, "నామా" పారసీ. వారసత్వం కూడా ఇలాంటి అతుకుల బొంతే, అరబ్బీ వారిస్‌కు సంస్కృత ప్రత్యయం తగిలించారు.

నాకు ముచ్చటేసింది హ్యారీ మాయదుప్పటి గురించి, కప్పుకుంటే మనిషి కనిపించడు. లిన్‌ఫ్రెడ్ పెద్దకొడుకు పెళ్ళాడిన అయోలాంతీ పెవరెల్, తన తాత నుంచి వచ్చిన దుప్పటిని వెంట తెచ్చింది. అక్కణ్ణుంచి తరానికొకరు, పెద్దబిడ్డకే. బంగారం ఏడు వాటాలైంది, దుప్పటి కాలేదు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో పంచకూడని వస్తువుల వరస ఒకటుంది. అందులో మొట్టమొదటి మాట "వస్త్రం".

*

అందరికీ థాంక్సండీ. ఇవాళ రాత్రి "పిత్రార్జితం అంటే తాతముత్తాతలు సంపాదించింది" అని దిద్దుకున్నాను. నూనె తాత కథ చెబితే పడీపడీ నవ్వింది. వెంటనే "మరి హ్యారీ జుట్టు ఎప్పుడూ అలా ఎందుకుంటుంది? ఆ నూనె రెండు చుక్కలు రాసుకోవచ్చుగా?" అని అడిగింది. దానికి ఎవరి దగ్గరైనా జవాబుంటే చెప్పండి. దువ్వినా అణగని ఆ జుట్టును నేను "చింపిరి జుట్టు" అంటున్నాను. కానీ అది దువ్వుకోని జుట్టు కదా. దువ్వినా మాట విననిదానికి మీ వైపు ఏమంటారు?